దిగి నడిచే వంతెన

మా రైలు మనుషుల్ని నది దాటించదు. ముందు మనుషులు నడిచి దాటుతారు, వాళ్ళ వెనకాల రైలు ఖాళీగా దాటుతుంది. ఈ సంగతి వింటే బయటివాళ్ళు నవ్వుతారని మేమెవరం చెప్పుకోం. ఆ రైలుకు గార్డుని నేనే కాబట్టి అందరికంటే నేనే ఎక్కువ దాచిపెడతాను.

విషయం ఏమిటంటే వంతెన ముసలిదైపోయింది. స్తంభాలు బీటలు వారాయి. ఇనుప దూలాలు తుప్పుపట్టి పొరలు పొరలుగా ఊడిపోతున్నాయి. నిండు రైలును మోయలేదు, ఖాళీ బండైతే మెల్లగా పోనివ్వొచ్చు అని ఇంజనీర్లు తేల్చారు. కొత్త వంతెన కట్టేదాకా తాత్కాలికంగా జనాన్ని దింపి నడిపించమని ఉత్తర్వు ఇచ్చారు. మా రైల్వేలో తాత్కాలికానికి ఉన్నంత ఆయుష్షు ఏ మనిషికీ ఉండదు. ఆ ఉత్తర్వు వచ్చిన రోజుల్లో చంకలో ఉన్న పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని చంకనేసుకుని ఆ వంతెన మీద నడుస్తున్నారు.

వంతెన మొదట్లో డ్రైవరు బండి ఆపుతాడు. ఎవరూ కేక వేయక్కర్లేదు. జనం లేచి, మూటలు అందుకుని, కిందికి దిగి, పట్టాల పక్కన పరిచిన చెక్కల మీద వరసగా నడుస్తారు. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. చెక్కల సందుల్లోంచి కింద నీళ్ళు కనిపిస్తూ ఉంటాయి. చివరి మనిషి అవతలి ఒడ్డు ఎక్కాక నేను పచ్చజెండా ఊపుతాను. అప్పుడు డ్రైవరు ఊపిరి బిగబట్టి బండిని కదిలిస్తాడు. అవతల మళ్ళీ అందరూ ఎక్కుతారు. ఎవరి సీట్లో వాళ్ళే కూర్చుంటారు, ఆ విషయంలో ఒక్కనాడూ గొడవ రాలేదు. మా డ్రైవర్ని అందరం నిదానం అంటాం. ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే.

ఈ ఒక్క వంతెనే అయితే మన ఖర్మ అని సరిపెట్టుకుందుము. హెడ్డాఫీసు గోడ మీద దేశం మొత్తం రైలు దారుల పటం వేలాడుతూ ఉంటుంది. ఎటు చూసినా ఎర్ర గీతలే. ఆ గీతల్లో సగం చోట్ల ఇప్పుడు పట్టాలే లేవు, ముళ్ళపొదలున్నాయి. ఊడదీసిన పట్టాలు ఎవరెవరి ఇళ్ళకో దూలాలయ్యాయి. మిగిలిన సగంలో సిగ్నల్ దీపాలు వెలగని చోట్ల మనిషి నిలబడి చెయ్యి ఊపుతాడు. పటాన్ని మాత్రం ఎవరూ మార్చలేదు. కొత్తగా వచ్చిన ప్రతి మంత్రీ దాని ముందు నిలబడి ఫోటో దిగి పోతుంటాడు.

ఇక మా అమ్మ సంగతి. అమ్మకు కిడ్నీలు పనిచేయడం మానేశాయి. రక్తం శుభ్రం చేసే మిషను నది అవతల పట్నంలో, పెద్దాసుపత్రిలోనే ఉంది. వారానికి రెండుసార్లు నా రైల్లోనే వెళ్ళొస్తుంది. రోడ్డు మీద పోవాలంటే కొండల చుట్టూ తిరిగి గుంతల్లో ఎగిరెగిరి పడుతూ పోవాలి. తిరిగి ఇల్లు చేరేసరికి మనిషి మిగలదు. రైల్లో అయితే పోయేటప్పుడు వంతెన మీద ఎలాగో నడిచేస్తుంది. వచ్చేటప్పుడే చూడాలి. మిషను దగ్గర్నుంచి లేచిన మనిషి ఒంట్లో ఏం సత్తువ ఉంటుంది? ముందువాళ్ళ భుజం పట్టుకుని, ఆగుతూ, కళ్ళు తిరుగుతున్నాయని ఎవరికీ తెలియనివ్వకుండా నడుస్తుంది.

గార్డు బండిని వదిలి పోకూడదని నియమం. అందుకని కన్నకూతురినైన నేను చివరి పెట్టె మెట్టు మీద యూనిఫాం వేసుకుని నిలబడతాను. అమ్మ అవతలి ఒడ్డు చేరేదాకా చూసి, జెండా ఊపి, ఆమె నడిచిన దారి వెంబడే నేను బండిలో పోతాను. ఇంత సిగ్గుమాలిన ఉద్యోగం లోకంలో ఇంకోటి ఉంటుందా అని ఒకసారి నిదానాన్ని అడిగాను. ఇంజన్లో నీకంటే ముందు పోయేది నేను కాబట్టి ముందు నేను సిగ్గుపడాలి, తర్వాతే నువ్వు అన్నాడు. ఆయనకు అన్నిటికీ వేళాకోళమే.

అమ్మ చేయి పట్టుకుని చూసిన డాక్టరు ఆ మధ్య నన్ను పక్కకు పిలిచి, ఇకమీదట ఈవిడ గుండె నడకకు ఓర్చుకోదని చెప్పాడు. ఆసుపత్రికి కూర్చోబెట్టి తీసుకురావాలి, కూర్చోబెట్టే తీసుకుపోవాలి అన్నాడు. మీరు ఏ రైల్లో వస్తారు అని కూడా అడిగాడు. నేను మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చేశాను.

అలాంటి రోజుల్లో అప్పులిచ్చే విదేశీ బ్యాంకు వాళ్ళు వస్తున్నారని తెలిసింది. ఏ లైను బాగుచేయడానికి డబ్బివ్వాలో కళ్ళారా చూసి తేల్చుకుంటారట. వాళ్ళు చూడబోయే వాటిలో మా వంతెన కూడా ఉందట. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. దేశం బాగుపడుతుందని కాదు, అంత పెద్ద మనసు నాకు లేదు. కొత్త వంతెన వస్తే మా అమ్మ కిటికీ పక్కన కూర్చుని నది దాటుతుంది. నాకు కావలసింది అంతే.

మా డివిజన్ పెద్దాఫీసర్ని మేము ఇస్త్రీ సారు అంటాం. నడిఎండలో గూడ్సు బండి దిగి వచ్చినా ఆయన చొక్కా మడత చెడదు. ఆయన అందర్నీ పిలిచి ఒకటే మాట చెప్పాడు. బ్యాంకు వాళ్ళున్న పూట జనం దిగి నడవకూడదు. బండి వంతెన దగ్గర ఆగకూడదు. జనాన్ని సగానికి సగం తగ్గించి ఎక్కించండి, పెట్టెల తలుపులకు బయటినుంచి తాళాలు వేయండి, మామూలు రైల్లాగా దర్జాగా పోనివ్వండి అన్నాడు. దిగి నడిచే రైలున్న లైనని తెలిస్తే డబ్బివ్వడం మాట అటుంచి, లైనే మూసేయమంటారని భయపెట్టాడు. లైను మూస్తే మా అమ్మకు మిషనే లేదు.

అయినా నోరు ఊరుకోదు కదా. వంతెన బాగానే ఉందని చూపిస్తే కొత్తది ఎందుకు కడతారు సార్ అని అడిగాను.

ఆయనకు కోపం రాలేదు. నన్ను జాలిగా చూశాడు. "ఇంటికి చుట్టాలొస్తే చిరిగిన దుప్పటి పరుస్తామా అమ్మా?" అన్నాడు.

అందరూ తలూపారు. నేనూ ఊపాను. మా ఇంట్లోనూ అంతే. ఎవరైనా వస్తున్నారంటే పగిలిన కప్పులు అటక మీదికి పోతాయి, పక్కింటివాళ్ళ కుర్చీ మా ఇంట్లోకి వస్తుంది.

ఆ వారమంతా స్టేషన్లో ఒకటే హడావిడి. రైల్లో కూర్చున్నవాళ్ళకు కనిపించే గోడలకు మాత్రం రంగు వేశారు, వెనక గోడల జోలికి పోలేదు. ఆగిపోయిన గడియారానికి గుడ్డ కప్పి, మరమ్మతులో ఉందని రాశారు. మరుగుదొడ్లలో నీళ్ళు రావు కాబట్టి వాటికి తాళాలు వేసి ముందు పూలకుండీలు పెట్టారు. పట్నం నుంచి అద్దెకు తెచ్చిన కుండీలవి. వాటికి నీళ్ళు పోయడానికి మాత్రం ఒక మనిషిని పెట్టారు.

వాళ్ళు వచ్చిన రోజే అమ్మకు ఆసుపత్రి రోజు. ఒక్కరోజు ఆగమ్మా అన్నాను. మిషను నీ చుట్టాల కోసం ఆగదు కదే అంది. మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో పట్నం స్టేషన్లో ఎక్కింది. పెదవులు తెల్లబడి ఉన్నాయి. నా పెట్టెకు ముందు బ్యాంకు వాళ్ళ పెట్టె, దానికి ముందున్న పెట్టెలో అమ్మ. తలుపులకు నేనే తాళాలు వేశాను. వంతెన మీద దిగే పని లేదని జనానికి చెప్పాం కూడా. సరేనన్నారు.

వంతెన వచ్చింది. నిదానం బండి ఆపేశాడు.

ఆపిన సంగతి ఆపాక గానీ తనకు తెలియలేదని తర్వాత ఒట్టు పెట్టి చెప్పాడు. చెయ్యి దానంతటదే బ్రేకు మీదికి పోయిందట. నేను నమ్మాను. ఎందుకంటే బండి ఆగగానే లోపల జనం కూడా తమకు తెలియకుండానే లేచారు. మూటలు అందుకున్నారు. పిల్లల్ని ఎత్తుకున్నారు. నేను దిగి అమ్మ ఉన్న పెట్టె దగ్గరికి పోయేసరికి తలుపు దగ్గర వరసగా నిలబడి ఉన్నారు. తాళం గుర్తుకొచ్చాక కూడా ఎవరూ కూర్చోలేదు, ఎవరూ అరవలేదు. నేనేదో ఆలస్యం చేస్తున్నానన్నట్టు నావైపు చూస్తూ ఉన్నారు. కిటికీ దగ్గరున్న ఒక పెద్దాయన మెల్లగా, "తాళం తియ్యమ్మా, బ్రిడ్జి వచ్చింది" అన్నాడు.

వెనక, బ్యాంకు వాళ్ళ పెట్టె తలుపులోంచి ఇస్త్రీ సారు తల బయటపెట్టి, పోనీ పోనీ అని చేత్తో సైగ చేస్తున్నాడు. నా ఎదురుగా కిటికీలో అమ్మ. పైన కమ్మీ పట్టుకుని, అందరితో పాటు దిగడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

తాళం తీశాను. ధైర్యం అనుకునేరు, అది కాదు. మనుషులున్న పెట్టెల్ని ఆ తుప్పు దూలాల మీదికి నడిపించే గుండె నాకు లేదు, అంతే.

జనం దిగారు. ఎప్పటిలాగే తోపులాట లేకుండా చెక్కల మీద నడక మొదలుపెట్టారు. బ్యాంకు వాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. తర్వాత ఫోటోలు తీశారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా పెరట్లో ఆరేసిన చిరుగు బట్టలన్నీ ఎవరో వీధిలోకి తెచ్చి చూపిస్తున్నట్టుంది. ఇస్త్రీ సారు చొక్కా మొదటిసారి చెమటకు తడిసి వీపుకు అంటుకుంది. పాపం, ఆయన్ని చూసినా సిగ్గే వేసింది.

బ్యాంకు వాళ్ళలో పెద్దదైన ఒకావిడ దుబాసీని వెంటేసుకుని కిందికి దిగింది. ఇదేమిటని అడిగింది. మావాళ్ళు నవ్వుతూ చెప్పారు. చెప్పి ఊరుకున్నారా, రండి రండి అని ఆవిణ్ణి కూడా నడకకు పిలిచారు. ఏ చెక్క వదులుగా ఉందో చూపించారు. ఒకామె ఆవిడ చేతిసంచీ తాను పట్టుకుంది. ఇస్త్రీ సారు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, నువ్వూ పో, ఏమడుగుతుందో చూడు, సరిగ్గా చెప్పు అని నన్ను తోశాడు. అలా ఆ రోజు ఆయన ఆర్డరు మీదే బండి వదిలి అమ్మ పక్కన నడిచాను.

వంతెన సగంలో అమ్మ ఆయాసంతో ఆగింది. బ్యాంకావిడ చూసింది. మంచి మనిషే, మాట మెత్తగా ఉంది. మీకిలా నడవడం కష్టంగా ఉందా అని దుబాసీ చేత అడిగించింది.

చెప్పమ్మా అనుకున్నాను. ఇంతకంటే మంచి సమయం మళ్ళీ రాదు. డాక్టరు చెప్పిందంతా చెప్పక్కర్లేదు. అవునమ్మా, చాలా కష్టంగా ఉంది అంటే చాలు.

అమ్మ నడుం నిటారు చేసుకుంది. జుట్టు సర్దుకుంది. ఒకసారి నావైపు చూసి, ఆవిడకేసి నవ్వింది. "కష్టమేముందమ్మా, మాకు అలవాటే. పైన గాలి కూడా బాగుంటుంది" అంది.

దుబాసీ ఆ మాట అటు చేరవేశాడు. ఆవిడ ముఖం విప్పారింది. తర్వాత నావైపు తిరిగి, రైల్వే మనిషిగా మీరేమంటారని అడిగించింది. కాదని అంటే మా అమ్మ అబద్ధమాడిందని అమ్మ ముందే చెప్పినట్టు. అవునంటే అమ్మ ప్రాణం. ఆవిడ ఎదురుచూస్తూ ఉంది. చివరికి నేను కూడా నవ్వాను.

ఇంటికొచ్చాక అమ్మ మీద ఇంతెత్తున లేచాను. ఎవరి కోసం చెప్పావు ఆ మాట, నీ ప్రాణం నీకు బరువైందా, నా ప్రాణం తియ్యడానికే ఉన్నావా అని నోటికొచ్చినట్టు అన్నాను. అమ్మ మంచం మీద కూర్చుని అంతా విన్నది.

"నీ యూనిఫాం చూసి అన్నానే. అది నీ రైలు. బాగోలేదని పరాయివాళ్ళ ముందు నా నోటితో ఎలా అనను?" అంది.

నేను వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

కొన్ని నెలలకు బ్యాంకు నిర్ణయం వచ్చింది. ఇస్త్రీ సారు అందర్నీ కూర్చోబెట్టి సంతోషంగా వినిపించాడు. చొక్కా మడత ఎప్పటిలాగే నిలబడి ఉంది. మా జనం క్రమశిక్షణ చూసి వాళ్ళు ముచ్చటపడ్డారట. ప్రజల సహకారంతో ఈ పద్ధతి భద్రంగా నడుస్తోంది కాబట్టి ఇక్కడ కొత్త వంతెన తొందరేమీ లేదన్నారట. డబ్బు రాజధాని స్టేషన్‌కు పోయింది, దానికి అద్దాల కప్పు వేస్తారట. మాకు మాత్రం నడిచే చెక్కల పక్కన ఒక ఇనుప రెయిలింగూ, వంతెన మొదట్లో ఒక బోర్డూ మంజూరు చేశారు. "దయచేసి దిగి నడవండి" అని రాసిన బోర్డు. లైను మూసేయడం లేదు కదా, సంతోషించండి అన్నాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిదానం ఒక్కడే నావైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు ఆయనకు వేళాకోళం రాలేదు.

రెయిలింగు ప్రారంభానికి ఫోటోలు కావాలన్నారు. అప్పుడు తనతో నవ్వుతూ మాట్లాడిన ముసలావిడ, అంటే మా అమ్మ, రెయిలింగు పట్టుకుని నడుస్తుంటే తీసి పంపమని బ్యాంకావిడే ప్రత్యేకంగా అడిగిందట. నేను కుదరదన్నాను. అమ్మ అప్పటికి ఇంకా చిక్కిపోయింది, ఇంటి గుమ్మం దాటడానికే గోడ పట్టుకుంటోంది. కానీ ఆసుపత్రికి ఎలాగూ పోవాలి, వంతెన ఎలాగూ నడవాలి. ఇస్త్రీ సారు ఇంటికొచ్చి అడిగేసరికి అమ్మ పొంగిపోయింది.

"ఇన్నాళ్ళకు పట్టుకోవడానికి ఒకటి పెట్టారు కదే. నీకు కూడా మంచి పేరొస్తుంది" అంది.

ఆ సంతోషం చూస్తుంటే నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇంత చిన్న ఇనుప కడ్డీకి ఇంతగా సంతోషపడేటట్టు ఆమెను చేసింది ఎవరు? నా రైల్వే కాదా? ఆ జీతంతో కాదా నేను తింటున్నది?

ఆ రోజు మిషను దగ్గర్నుంచి లేచాక అమ్మ నర్సు దగ్గర దువ్వెన అడిగి తల దువ్వుకుందట. బండి వంతెన దగ్గర ఆగింది. రెయిలింగుకు నీలం రంగు వేశారు, ఇంకా వాసన పోలేదు. అవతలి ఒడ్డున ఇస్త్రీ సారూ, ఫోటోలు తీసేవాడూ, పత్రికలవాళ్ళూ నిలబడ్డారు. మిగతా జనాన్ని కాస్త వెనక ఉండమని, అమ్మను ముందు ఒక్కదాన్నే నడవమన్నారు. ఇన్నాళ్ళూ ముందువాళ్ళ భుజం పట్టుకుని నడిచిన మనిషికి ఆ రోజు ముందు ఎవరూ లేరు. నేను చివరి పెట్టె మెట్టు మీద జెండాతో నిలబడ్డాను.

మొదట బాగానే నడిచింది. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, వాళ్ళు అడిగినప్పుడు ఆగి నవ్వింది కూడా. సగం దాటాక నడక మారింది. కాలు తీసి వేయడం లేదు, ఈడుస్తోంది. తర్వాత ఆగిపోయింది. రెండు చేతులతో కడ్డీని పట్టుకుంది. అవతల నుంచి ఇస్త్రీ సారు ఇంకొంచెం, ఇంకొంచెం అంటున్నాడు. అమ్మ కడ్డీని వదలకుండానే మెల్లగా కిందికి జారి, చెక్కల మీద కూలబడిపోయింది.

జెండా అక్కడే పడేసి పరుగెత్తాను. వెనక నిలబడ్డ జనం పక్కకు జరిగి దారిచ్చారు. నేను పోయేసరికి అమ్మ కాళ్ళు ఒక పక్కకు మడుచుకుని కూర్చుని ఉంది. అరచేతులకు నీలం రంగు అంటుకుంది. ఊపిరి అందడం లేదు. అయినా ఆ ముఖంలో ఉన్నది నొప్పి కాదు. తప్పు చేస్తూ దొరికిపోయిన చిన్నపిల్లలా ఒడ్డువైపూ నావైపూ చూస్తోంది. నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది.

"లేపవే తల్లీ. అందరూ చూస్తున్నారు" అంది.

ఒడ్డు మీద నుంచి ఇస్త్రీ సారు కూడా అదే అంటున్నాడు, లేపమ్మా, ముందు లేపు అని. ఫోటోలు తీసేవాడు తన కెమెరా దించాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డాడు.

"చూడనీ అమ్మా" అన్నాను.

నేనూ ఆమె పక్కనే ఆ చెక్కల మీద కూర్చుని, ఆమె కాళ్ళు నా ఒళ్ళోకి తీసుకున్నాను. ఒడ్డు మీదివాళ్ళు ఎంత పిలిచినా ఆమెను లేపలేదు.